పోర్షే 911 వెనుక మూత గొళ్ళెం

పోర్షే 911 వెనుక మూత గొళ్ళెం అనేది జర్మనీకి చెందిన పోర్షే సంస్థ తయారుచేసిన 911 స్పోర్ట్స్ కారులో ఇంజను గదిపై ఉండే మూతను మూసి పట్టి ఉంచే పరికరం. డ్రైవరు తలుపు ద్వారబంధంలో ఉండే ఒక గుబ్బను లాగితే, దానికి కట్టిన ఉక్కు కేబుల్ కారు వెనుక భాగం వరకు సాగి ఈ గొళ్ళేన్ని విడిపిస్తుంది. 1963లో లోకానికి పరిచయమైన 911 కారు 1998 వరకు గాలితో చల్లబడే ఇంజనుతోనే తయారయింది. వాటిలో 1989 వరకు వచ్చిన పాత తరాల కార్లు నేడు సేకరణకర్తల వద్ద ఎక్కువగా కనిపిస్తాయి. ఈ వ్యాసం ప్రధానంగా ఆ కార్ల గొళ్ళెం గురించి, అందులో వచ్చే లోపాల గురించి, దానిని బాగుచేసే విధానం గురించి తెలుపుతుంది.

చూడడానికి ఇది చాలా చిన్న భాగం. కానీ ఈ కారులో ఇంజను, దాని ఫ్యాను బెల్టు, నూనె పోసే గొట్టం అన్నీ ఆ ఒక్క మూత క్రిందనే ఉన్నాయి. మూత తెరుచుకోకపోతే వాటిలో దేనినీ చూసే వీలుండదు.

పేరు

భారతదేశంలో కారు వెనుక ఉండే సామాను పెట్టెను డిక్కీ అని, ముందు ఇంజనుపై ఉండే రేకును బానెట్ అని పిలవడం అలవాటు. 911లో ఇది తారుమారుగా ఉంటుంది. ఇంజను వెనుక చక్రాల ఇరుసుకు కూడా వెనుకగా ఉంటుంది, సామాను పెట్టుకునే చోటు ముందు ఉంటుంది. అందువలన ఈ కారు విషయంలో డిక్కీ, బానెట్ అనే మాటలు గందరగోళానికి దారితీస్తాయి. కాబట్టి ముందు మూత, వెనుక మూత అని వ్యవహరించడం మేలు. జర్మన్ భాషలో వెనుక మూతను హెక్‌డెకెల్ అంటారు. అమెరికాలో డెక్‌లిడ్ అనే మాట వాడుకలో ఉంది.

వెనుక ఇంజను మన పాఠకులకు పూర్తిగా కొత్తదేమీ కాదు. ఆటోరిక్షాలలో ఇంజను వెనుకనే ఉంటుంది. 2008లో ఆవిష్కరించిన టాటా నానో కారులోను అంతే.

నేపథ్యం

911 కారును 1963 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో 901 అనే పేరుతో చూపించారు. మధ్యలో సున్నా గల మూడంకెల పేర్లపై ఫ్రాన్సులో తమకు హక్కు ఉన్నదని ప్యూజో సంస్థ అభ్యంతరం చెప్పడంతో 1964లో పేరు 911గా మారింది. ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షే దీని రూపకర్తగా ప్రసిద్ధుడు. మొదటి కార్లలో 1991 ఘన సెంటీమీటర్ల సామర్థ్యం, 130 అశ్వశక్తి గల ఆరు సిలిండర్ల ఇంజను ఉండేది. సిలిండర్లు అటు మూడు, ఇటు మూడు చొప్పున పడుకోబెట్టినట్లు ఉంటాయి.

ఈ ఇంజనుకు నీటి రేడియేటరు లేదు. పెద్ద ఫ్యాను ఒకటి మూతకున్న జాలీ గుండా బయటి గాలిని లోపలికి పీల్చి సిలిండర్లపైకి తోస్తుంది. అంటే వెనుక మూత ఇంజనును కప్పే రేకు మాత్రమే కాదు, ఇంజను గాలి పీల్చుకునే ద్వారం కూడా. ఫ్యాను మధ్యలోనే ఆల్టర్నేటరు అమర్చి ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే వి-ఆకారపు బెల్టు తిప్పుతుంది. బెల్టు తెగితే బ్యాటరీ ఛార్జింగుతో పాటు ఇంజను చల్లబడడం కూడా ఆగిపోతుంది. డాష్‌బోర్డుపై ఛార్జింగు దీపం వెలిగిన వెంటనే కారు ఆపి వెనుక మూత తెరిచి చూడాలని 911 యజమానులకు మొదట నేర్పే పాఠం. కొన్ని ఇతర కార్లలో అదే దీపం వెలిగినా ఎలాగో ఇంటికి చేరుకోవచ్చు, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు.

నూనె సంగతి కూడా ఇటువంటిదే. 911 ఇంజనులో నూనె అడుగున ఉండే తొట్టెలో కాకుండా విడిగా ఒక ట్యాంకులో ఉంటుంది. దాని మూత, కొలత పుల్ల ఇంజను గదిలో కుడివైపున ఉంటాయి. ఇంజను బాగా వేడెక్కి, నిదానంగా తిరుగుతూ ఉండగా, కారు సమతలమైన నేలపై ఉన్నప్పుడు మాత్రమే నూనె మట్టం సరిగా తెలుస్తుంది. ఇంజను ఆపి చల్లారిన తరువాత చూస్తే నూనె తక్కువగా ఉన్నట్లు కనిపిస్తుంది. అది నమ్మి మరింత పోసినవారి కారు ఆ తరువాత పొగలు కక్కుతుంది.

1972 మోడలు కార్లలో మాత్రం నూనె ట్యాంకును కుడి వెనుక చక్రానికి ముందుకు జరిపి, నూనె పోయడానికి బయట, కుడి తలుపు వెనుక ఒక చిన్న మూత పెట్టారు. నూనె కోసం ఇంజను మూత తెరవవలసిన పని తప్పింది. అయితే పెట్రోలు బంకులలో పనివారు దానిని పెట్రోలు మూతగా పొరబడి అందులో పెట్రోలు పోసేవారు. మరుసటి సంవత్సరానికే ఆ ఏర్పాటును తీసివేసి, ట్యాంకును పాత చోటికి మార్చారు. ఆ విధంగా నూనె చూడడం మళ్ళీ వెనుక గొళ్ళెంపైనే ఆధారపడింది.

నిర్మాణం

వెనుక మూత కీళ్ళు దాని ముందు అంచున, అంటే వెనుక అద్దానికి దిగువన ఉంటాయి. మూత వెనుక అంచు పైకి లేస్తుంది. గొళ్ళెం ఆ వెనుక అంచు మధ్యభాగంలో ఉంటుంది. ఇందులో రెండు భాగాలు ఉన్నాయి. పై భాగం మూత లోపలి వైపుకు, క్రింది భాగం బాడీ వెనుక రేకుకు బోల్టులతో బిగించి ఉంటాయి. మూతను క్రిందికి నొక్కినప్పుడు పై భాగం వచ్చి క్రింది భాగంలోని స్ప్రింగు గల పట్టును ప్రక్కకు తోసి లోపలికి దిగుతుంది. స్ప్రింగు ఆ పట్టును తిరిగి యథాస్థానానికి తెచ్చి మూతను బంధిస్తుంది.

పట్టు చివర కేబుల్ కట్టి ఉంటుంది. కేబుల్ ఒక తొడుగులో నుండి కారు లోపలి భాగం వెంట ముందుకు వెళ్ళి, ఎడమ తలుపు వెనుక ద్వారబంధంలో ఉన్న గుబ్బ వద్ద ముగుస్తుంది. తలుపు మూసి ఉంటే ఆ గుబ్బ అందదు. మూతపై బయటి నుండి తాళంచెవి పెట్టే రంధ్రం కూడా లేదు. తలుపుకు తాళం వేస్తే ఇంజను గదికి కూడా తాళం పడినట్లే. దొంగల నుండి రక్షణకు ఇది చక్కని ఏర్పాటు. కేబుల్ తెగిన రోజున మాత్రం యజమాని కూడా దొంగ ఉన్న స్థితిలోనే ఉంటాడు.

మూత తెరిచినప్పుడు దానిని పైకి పట్టి ఉంచడానికి కారు తయారైన సంవత్సరాన్ని బట్టి స్ప్రింగు గాని, గ్యాసు నింపిన స్ట్రట్ గాని ఉంటుంది. మూత చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది. ఈ రెండూ మూతను పైకి తోస్తూ ఉంటాయి, గొళ్ళెం దానిని క్రిందికి పట్టి ఉంచుతుంది. గొళ్ళెంలో వచ్చే చాలా లోపాలకు మూలం ఈ ఒత్తిడిలోనే ఉన్నది.

లోపాలు

గుబ్బను లాగినప్పుడు చేతికి తెలిసే తీరును బట్టే చాలావరకు లోపం ఎక్కడున్నదో గుర్తించవచ్చు.

గుబ్బ ఏ బిగువు లేకుండా తేలికగా బయటికి వచ్చేస్తే కేబుల్ తెగినదని, లేదా గొళ్ళెం వద్ద దానిని పట్టి ఉంచే బిగింపు నుండి జారిపోయినదని అర్థం. కేబుల్ సాధారణంగా నడుమ తెగదు. బిగింపు స్క్రూ నలిపిన చోట గాని, గుబ్బ దగ్గర వంపు తిరిగే చోట గాని ఒక్కొక్క పోగుగా తెగుతూ వస్తుంది. చివరి పోగు తెగే వరకు మూత తెరుచుకుంటూనే ఉంటుంది కాబట్టి యజమానికి ముందుగా తెలియదు. ఏడాదికి ఒకసారైనా మూత తెరిచి బిగింపు దగ్గర పోగులు విచ్చుకున్నాయేమో చూస్తే ఈ చిక్కు రాదు. అయితే గొళ్ళెం చక్కగా పనిచేస్తున్నప్పుడు దానివైపు చూసేవారు అరుదు.

గుబ్బ గట్టిగా బిగుసుకొని కదలకపోతే కేబుల్ తొడుగులో తుప్పు పట్టినట్లు గాని, గొళ్ళెంలోని గ్రీజు ఎండి గట్టిపడినట్లు గాని భావించాలి. గొళ్ళేనికి ఒకవైపు ఇంజను వేడి, క్రింద సైలెన్సరు వేడి తగులుతాయి. రోడ్డు దుమ్ము, వాననీరు కూడా చేరుతాయి. ఇరవై ముప్పై ఏళ్ళ క్రితం పూసిన గ్రీజు అక్కడ మైనంలా మారుతుంది. ఇటువంటప్పుడు బలమంతా ఉపయోగించి గుబ్బను లాగడం మంచిది కాదు. తెరుచుకోని గొళ్ళెంతో మొదలైన సమస్య తెగిన కేబుల్‌తో ముగుస్తుంది.

గుబ్బ మామూలుగానే కదిలి, గొళ్ళెం వద్ద శబ్దం కూడా వినిపించి, మూత మాత్రం లేవకపోతే కేబుల్ సాగి ఉండవచ్చు, లేదా రబ్బరు పట్టీ మూతకు అతుక్కొని ఉండవచ్చు.

దీనికి వ్యతిరేకమైన లోపం మూత పడకపోవడం. నొక్కిన ప్రతిసారీ మూత తిరిగి పైకి లేస్తుంది. పట్టు స్ప్రింగు విరగడం, పట్టు తుప్పుతో తెరిచిన స్థితిలోనే ఉండిపోవడం, వెనుక నుండి ఏదైనా గుద్దుకున్న తరువాత రేకు వంగి పై క్రింది భాగాలు ఎదురెదురుగా రాకపోవడం దీనికి కారణాలు. రంగు వేయించి కొత్త రబ్బరు పట్టీ అమర్చిన కార్లలోను ఇది సాధారణం. కొత్త రబ్బరు మెత్తబడే వరకు మందంగా ఉండి మూతను పూర్తిగా దిగనివ్వదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది సగం పడిన గొళ్ళెం. మూత మూసినట్లే కనిపిస్తుంది, పట్టు మాత్రం అంచు మీదనే నిలిచి ఉంటుంది. కారు వేగం అందుకున్నాక వెనుక భాగంపై ఏర్పడే అల్పపీడనం మూతను పైకి లాగుతుంది, గతుకులు దానికి తోడవుతాయి. మూత ఒక్కసారిగా లేస్తే వెనుక చూసే అద్దంలో ఏమీ కనిపించదు, కీళ్ళు వంగుతాయి, చుట్టుప్రక్కల రంగు పోతుంది. ముందు మూత కీళ్ళు ముందు అద్దం దగ్గర ఉన్నందున అది గాలికి లేస్తే అద్దానికే తగులుతుంది. అందుకే దానికి అదనంగా ఒక భద్రతా కొక్కెం పెట్టారు.

మూత తెరుచుకోనప్పుడు

మొదట చేయవలసిన పని చాలా సులువైనది. ఒకరు మూత వెనుక అంచు మధ్యలో, గొళ్ళేనికి సరిగ్గా పైన, అరచేతితో గట్టిగా క్రిందికి నొక్కి ఉంచాలి. అదే సమయంలో మరొకరు గుబ్బను లాగాలి. స్ట్రట్, రబ్బరు పట్టీ కలిసి మూతను పైకి తోయడం వలన పట్టుపై పడే భారం ఇలా నొక్కినప్పుడు తగ్గి, పట్టు తేలికగా జరుగుతుంది. తెరుచుకోవని తేల్చిన మూతలు చాలావరకు ఇద్దరు మనుషులతో ఈ విధంగా తెరుచుకుంటాయి. రేకు సొట్ట పడకుండా అరచేతి క్రింద మడిచిన గుడ్డ ఉంచుకోవడం మంచిది.

గుబ్బ ఊడి చేతికి వస్తే కేబుల్ కొస తొడుగులో ఇంకా కనిపిస్తుందేమో చూడాలి. కనిపిస్తే పట్టకారుతో దానిని పట్టుకొని నిటారుగా లాగాలి. కొస లోపలికి వెళ్ళిపోయి ఉంటే ద్వారబంధం దగ్గరి లోపలి కప్పును విప్పి, తొడుగును కొంత వెనుకకు జరిపితే కొస దొరికే అవకాశం ఉంది.

కేబుల్ గొళ్ళెం దగ్గర తెగినప్పుడు లోపలి నుండి ఏమీ చేయలేము. కారు వెనుక భాగాన్ని ఎత్తి, స్టాండ్లపై నిలిపి, ఇంజనుకు వెనుక రేకుకు మధ్య ఉన్న సందులో నుండి వంచిన గట్టి కడ్డీని పైకి పంపి పట్టును ప్రక్కకు తోయడానికి ప్రయత్నించాలి. సైలెన్సరు, బంపరు అమరికను బట్టి ఈ సందు కొన్ని కార్లలో చాలినంత ఉంటుంది, కొన్నింటిలో సైలెన్సరు విప్పవలసి వస్తుంది. జాకీ ఒక్కదానిపై నిలిపిన కారు క్రిందకు ఎట్టి పరిస్థితిలోను వెళ్ళరాదు. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే ఈ పని చేయాలి.

రేకుకు రంధ్రం చేయడం చిట్టచివరి మార్గం. దీనికి ముందు మరొక పాత కారు మూత తెరిచి, గొళ్ళెం ఖచ్చితంగా ఎక్కడ ఉన్నదో కొలిచి చూసుకోవాలి. కొలవకుండా చేసిన రంధ్రం ఒకటితో ఆగదు.

మరమ్మత్తు

ఈ పనికి పెద్ద పరికరాలేవీ అక్కరలేదు. చిన్న పానాలు, స్క్రూడ్రైవరు, పట్టకారు, వైరు బ్రష్, కిరోసిన్, గ్రీజు, ఒక పెన్సిల్ ఉంటే చాలు. సరైన భాగాలు దొరకడమే ఒక్కొక్కసారి ఆలస్యానికి కారణం. పోర్షే సంస్థకు పాత కార్ల విడిభాగాల కోసం పోర్షే క్లాసిక్ అనే ప్రత్యేక విభాగం ఉన్నది. ఇతర తయారీదారుల భాగాలు కూడా దొరుకుతాయి, అయితే వాటిలో స్ప్రింగు గట్టిదనం, రంధ్రాల స్థానం అసలు భాగంతో పోల్చి చూసుకున్న తరువాతనే అమర్చాలి.

మూతను తెరిచి, స్ట్రట్ బలహీనంగా ఉంటే ఒక కర్రను ఊతగా పెట్టాలి. విప్పడానికి ముందు గొళ్ళెం రెండు భాగాల అంచుల చుట్టూ పెన్సిల్‌తో గీత గీయాలి. బోల్టు రంధ్రాలు సర్దుబాటు కోసం కొంత వెడల్పుగా ఉంటాయి. గీత లేకుండా విప్పితే తిరిగి అదే స్థానానికి తేవడానికి గంటలు పడుతుంది. ఆ గీత ఖర్చు లేనిది, అయినా తొందరలో అందరూ మరచిపోయేది అదే.

తరువాత కేబుల్ బిగింపును వదులు చేసి కేబుల్‌ను బయటికి తీయాలి. క్రింది భాగం బోల్టులు విప్పి దానిని కిరోసిన్‌లో కొంతసేపు నాననివ్వాలి. వైరు బ్రష్‌తో తోమి ఎండిన గ్రీజును పూర్తిగా తొలగించాలి. గొళ్ళేనికి ఉండే లోహపు పూత పోయేంత గట్టిగా రుద్దరాదు, పూత పోయిన చోట తుప్పు త్వరగా మొదలవుతుంది. శుభ్రమైన తరువాత పట్టు అంచును వెలుతురులో పరిశీలించాలి. అంచు గుండ్రంగా అరిగిపోయి ఉంటే, లేదా మూత భాగం తగిలే చోట గాడి పడి ఉంటే దానిని మార్చడమే మేలు. అరిగిన అంచును వెల్డింగు చేసి ఆకురాయితో అరగదీసి తిరిగి వాడేవారు ఉన్నారు. వేగంగా వెళ్ళే కారులో మూతను పట్టి ఉంచే భాగానికి అది తగిన పద్ధతి కాదు.

స్ప్రింగును వేలితో నొక్కి వదిలినప్పుడు పట్టు ఎక్కడా ఆగకుండా పూర్తిగా వెనుకకు రావాలి. నెమ్మదిగా వస్తే ఇంకా మురికి ఉన్నట్లు లెక్క. కదిలే చోట్ల వేడికి కారిపోని గ్రీజును పలుచగా పూయాలి. ఎక్కువ పూస్తే దుమ్ము అంటుకొని కొద్ది నెలల్లో మళ్ళీ బిగుసుకుంటుంది.

కేబుల్‌లో ఒక్క పోగు తెగినా కేబుల్ మార్చాలి. పాత కేబుల్ తొడుగులో నుండి గుబ్బ వైపుకు బయటికి వస్తుంది. తొడుగు బాగుంటే కొత్త కేబుల్‌కు గ్రీజు రాసి, గుబ్బ వైపు నుండి నెమ్మదిగా త్రిప్పుతూ లోపలికి పంపాలి. కొస విచ్చుకుంటే తొడుగులో ఇరుక్కుంటుంది కాబట్టి కొత్త కేబుల్ కొసను ముందుగానే టంకంతో అతికించుకోవడం ఉపయోగకరం. తొడుగు లోపల తుప్పు ఉంటే కొత్త కేబుల్ వేసినా ప్రయోజనం తక్కువ.

గొళ్ళేన్ని తిరిగి గీతల మధ్య అమర్చి కేబుల్‌ను బిగించేటప్పుడు గుబ్బ పూర్తిగా లోపల ఉన్న స్థితిలో రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉంచాలి. వదులు అసలు లేకుండా బిగిస్తే కేబుల్ పట్టును ఎల్లప్పుడూ కొద్దిగా లాగి ఉంచుతుంది, గొళ్ళెం సగమే పడుతుంది. మరీ ఎక్కువ వదులు ఉంచితే గుబ్బను చివరి వరకు లాగినా పట్టు పూర్తిగా జరగదు. బిగింపు స్క్రూను కేబుల్ నలిగిపోయేంత గట్టిగా త్రిప్పరాదు, తరువాతి తెగుదల అక్కడి నుండే మొదలవుతుంది.

ఈ దశలో మూతను వెంటనే వేయరాదు. మొత్తం మరమ్మత్తులో అతి ముఖ్యమైన విషయం ఇదే. మూత తెరిచి ఉండగానే స్క్రూడ్రైవరు కడ్డీని మూత భాగానికి బదులుగా క్రింది గొళ్ళెంలోకి నొక్కి, పట్టు పడేటట్లు చేయాలి. తరువాత గుబ్బను లాగి అది విడుదల అవుతున్నదో లేదో చూడాలి. ఈ విధంగా కనీసం ఐదారు సార్లు చేసిన తరువాతనే మూత వేయాలి. ఈ పరీక్ష చేయకుండా మూత వేసి, కొత్త కేబుల్ జారిపోవడం వలన మళ్ళీ కారు క్రిందకు దూరవలసి వచ్చిన సందర్భాలు మెకానిక్కులకు బాగా పరిచితం.

సర్దుబాటు

మూత వేసినప్పుడు దాని అంచు చుట్టూ ఉన్న సందు అంతటా సమానంగా ఉండాలి, మూత ఉపరితలం ప్రక్కల రేకులతో సమంగా కలవాలి. మూత ఒక ప్రక్కకు జరిగి ఉంటే ముందు కీళ్ళను సరిచేసి ఆ తరువాత గొళ్ళేన్ని సరిచేయాలి. ఈ వరుస తప్పితే కీళ్ళ లోపాన్ని గొళ్ళెంతో సర్దినట్లవుతుంది. అప్పుడు మూత ప్రతిసారీ గొళ్ళేన్ని ప్రక్కకు నెట్టుతూ పడుతుంది, రెండు భాగాలు త్వరగా అరుగుతాయి.

పై భాగం సరిగ్గా క్రింది భాగం మధ్యలో దిగుతున్నదో లేదో తెలుసుకోవడానికి ఒక సులభమైన పద్ధతి ఉంది. పై భాగం కొసకు కొద్దిగా గ్రీజు పూసి, గొళ్ళెం పడకుండా మూతను మెల్లగా దించి మళ్ళీ ఎత్తాలి. క్రింది భాగంపై గ్రీజు మచ్చ పడిన చోటు అది తగులుతున్న చోటు.

ఎత్తు విషయంలో తొందరపాటు పనికిరాదు. గొళ్ళెం మరీ ఎత్తుగా ఉంటే మూత గతుకుల్లో గడగడలాడుతుంది. మరీ క్రిందుగా ఉంటే మూత వేయడానికి బలంగా నొక్కవలసి వస్తుంది, తెరిచేటప్పుడు కేబుల్‌పై భారం పెరుగుతుంది. కొత్త రబ్బరు పట్టీ వేసిన కారులో మొదట కొంచెం ఎత్తుగా ఉంచి, కొన్ని వారాల తరువాత రబ్బరు అణగినాక తిరిగి సరిచేయడం అనుభవజ్ఞుల పద్ధతి. మూతను పైనుండి వదిలి దభాలున పడనివ్వడం కూడా మంచి అలవాటు కాదు. సగం దించి, అక్కడి నుండి అంచు మధ్యలో అరచేతితో నొక్కి మూయాలి.

తోకరెక్క గల మూతలు

1973 మోడలుగా వచ్చిన 911 కరెరా ఆర్ఎస్ 2.7 కారు వెనుక మూతకు బాతుతోక ఆకారంలో పైకి లేచిన అంచు ఉంటుంది. వేగంలో కారు వెనుక భాగం నేల నుండి తేలిపోయే గుణాన్ని తగ్గించడానికి దీనిని రూపొందించారు. ఈ కార్లు 1,580 తయారయ్యాయి. 1974లో పారిస్ ప్రదర్శనలో చూపిన 911 టర్బో కారుకు మరింత వెడల్పైన, తిమింగలం తోక అని పేరుపడిన రెక్క ఉన్నది. 1978 మోడలు నుండి వచ్చిన 3.3 లీటర్ల టర్బోలో రెక్క ఆకారం మళ్ళీ మారింది.

ఈ రెక్కల వలన గొళ్ళెం పని కొంత మారుతుంది. రెక్క బరువు మూత వెనుక అంచుపైనే పడుతుంది కాబట్టి దానిని పైకి పట్టి ఉంచడానికి ఎక్కువ బలం గల స్ట్రట్ కావాలి. మామూలు మూత తీసి రెక్క గల మూతను అమర్చుకున్నవారు పాత స్ట్రట్‌నే ఉంచితే మూత తలపై పడే ప్రమాదం ఉంది. దానికి విరుద్ధంగా, రెక్క గల మూతకు చెందిన బలమైన స్ట్రట్‌ను మామూలు మూతకు వేస్తే మూత అంచు వంగుతుంది, గొళ్ళెంపై ఎప్పుడూ అనవసరమైన భారం పడుతుంది. గొళ్ళెం పదేపదే బిగుసుకుంటున్న కారులో గొళ్ళెం జోలికి పోకముందే స్ట్రట్ ఆ మూతకు తగినదేనా అని చూడడం అవసరం. బాతుతోక వంటి ఫైబర్‌గ్లాసు మూతలలో బోల్టులు బిగించే చోట పదార్థం పగలవచ్చు, అక్కడ వాషర్లు వాడాలి.

1989 మోడలుగా వచ్చిన 964 తరంలో రెక్క మూతలోనే ఒదిగి ఉండి, వేగం గంటకు సుమారు 80 కిలోమీటర్లు దాటినప్పుడు మోటారు సహాయంతో పైకి లేస్తుంది. ఆ మూతలోని విద్యుత్ తీగలు, మోటారు ఈ వ్యాస పరిధిలోకి రావు.

ఇంజను గదిలో మంటలు

పాత 911 కార్లలో పెట్రోలు గొట్టాలు ఇంజను గదిలో వేడి భాగాలకు దగ్గరగా ఉంటాయి. రబ్బరు గొట్టాలు కాలక్రమేణా బీటలు వారి కారితే మంట పుట్టే అవకాశం ఉంది. 1960ల చివరి నుండి 1970ల మధ్య వరకు చాలా నమూనాలలో ఇంజను క్రాంక్‌కేస్ మాగ్నీషియం మిశ్రలోహంతో చేసినది. మాగ్నీషియం ఒకసారి అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం.

వెనుక నుండి పొగ కనిపించినప్పుడు ఇగ్నిషన్ ఆపి అందరూ దిగిపోవాలి. మంట ఉన్నదనిపిస్తే మూతను పూర్తిగా ఎత్తరాదు, ఒక్కసారిగా అందే గాలి మంటను పెంచుతుంది. మంట చిన్నదైతే గుబ్బను లాగి మూత కొద్దిగా లేచిన సందులో నుండి గాని, జాలీ గుండా గాని ఆర్పే పొడిని చల్లాలి. మంట పెద్దదైతే దూరంగా వెళ్ళి అగ్నిమాపక దళాన్ని పిలవాలి. గొళ్ళెం బిగుసుకుపోయిన కారులో చిన్న మంటను కూడా సరిగా అందుకోలేరు. గొళ్ళెం మరమ్మత్తును వాయిదా వేయకూడదనడానికి ఇంతకన్నా బలమైన కారణం లేదు.

అదనపు తీగ

కేబుల్ తెగినప్పుడు ఉపయోగపడేందుకు చాలామంది యజమానులు గొళ్ళెం పట్టుకు మరొక సన్నని ఉక్కు తీగను కట్టి, దాని రెండవ కొసను వెనుక రేకు క్రిందుగా బంపరు వెనుక కనిపించని చోటికి తీసుకువెళతారు. అసలు కేబుల్ పనిచేయనప్పుడు కారు క్రిందికి చేయి పెట్టి ఈ తీగను లాగితే మూత తెరుచుకుంటుంది. తీగకు చాలినంత వదులు ఉండాలి. సైలెన్సరుకు, ఫ్యాను బెల్టుకు తగలకుండా దానిని క్లిప్పులతో పట్టించాలి. ఈ తీగ సంగతి తెలిసిన బయటివారెవరైనా ఇంజను గదిని తెరవగలరన్నది దీనిలోని లోపం. అందుకే కొందరు కొసను చక్రం తీస్తే తప్ప అందని చోట దాస్తారు. ప్రదర్శనలకు పంపే కార్లలో అసలు లేని భాగాలు ఉంటే మార్కులు తగ్గవచ్చు కాబట్టి అటువంటి కార్ల యజమానులు తీగను తేలికగా విప్పే విధంగా కట్టుకుంటారు.

ఇతర కార్లలో

911కు పూర్వీకురాలి వంటిదైన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో కూడా ఇంజను వెనుకనే ఉన్నది, కానీ దాని మూతను బయటి నుండి పిడితోనే తెరవవచ్చు. కేబుల్ లేదు కాబట్టి కేబుల్ తెగే బాధ లేదు. 1969 నుండి 1976 వరకు తయారైన పోర్షే 914లో ఇంజను సీట్ల వెనుక, వెనుక ఇరుసుకు ముందు ఉంటుంది. అందువలన ఇంజనుకు ఒక మూత, దాని వెనుక సామాను పెట్టెకు మరొక మూత ఉన్నాయి. బ్రిటిషు కారైన ఎంజీబీలో వెనుక ఉన్నది సామాను పెట్టె మాత్రమే, బయటనుండి నొక్కే బొత్తాముతో అది తెరుచుకుంటుంది. 1961లో వచ్చిన జాగ్వార్ ఇ-టైప్ కూపేలో వెనుక మూత పైకి లేవకుండా మామూలు తలుపులా ప్రక్కకు తెరుచుకుంటుంది. ఈ మూతలు చెడినా ఆ రెండు కార్లలో ఇంజను పని ఆగదు, లోపల పెట్టిన పెట్టెలు మాత్రం చిక్కుకుపోతాయి.